దురదే గదా అని అనొద్దు

(హైటెక్ సిటీ వెనక కూలీల గుడిసెల దగ్గర జరిగిన ఆడకూలీల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

  

ఇవాళ కడుపుతో ఉన్న ఆడమనిషి చర్మం గురించి మాట్లాడతామని మేం చెప్పగానే వెనక నిలబడ్డ ఒక అన్న నవ్విండు. ‘భూమి ముచ్చట లేదు, కూలి రేట్ల ముచ్చట లేదు, దురద గురించి మీటింగా?’ అన్నడు. ఆ అన్నను తప్పుపట్టడం లేదు. రెండేళ్ల కిందట మేం కూడా అట్లాగే నవ్వేవాళ్లం. నవ్వినందుకు ఏమైందో మొదట అదే చెప్తాం.

పాలమూరు వైపు నుంచి గుంపు మేస్త్రీ వెంట వచ్చిన ఒక చెల్లె మన గుడిసెల్లోనే ఉండేది. పేరు చెప్పం. ఆమెకు ఇష్టం లేదు. మొదటి కాన్పు. 8వ నెల. పగలంతా మాల్ కలిపే దగ్గర పని. రాత్రి పడుకుంటే అరచేతులూ అరికాళ్లూ ఒకటే దురద. ఒంటి మీద పొక్కు లేదు, దద్దురు లేదు. గోకి గోకి గోళ్ల గీతలు పడ్డయి, అంతే. మేస్త్రీ ‘సిమెంటు పడలేదు నీకు’ అన్నడు. మందుల షాపువాడు ఒక ట్యూబు ఇచ్చిండు. దవాఖానకు పోతే డాక్టరు బల్లకు ఆవల నుంచే చూసి ‘శుభ్రంగా స్నానం చెయ్యండమ్మా’ అని గజ్జి మందు రాసిండు. చెయ్యి పట్టి చూసింది లేదు. ‘రాత్రి నిద్ర పడుతుందా?’ అని అడిగింది లేదు. మరి మేమేం చేశాం? సంఘం పెట్టి, మీటింగులు పెట్టి తిరిగే మేం కూడా ‘గజ్జే అయి ఉంటది చెల్లె, వేపాకు నీళ్లు పోసుకో’ అన్నాం. పది రోజులకు కడుపులో బిడ్డ తన్నడం ఆగింది.

ఆ బిడ్డ దేనివల్ల పోయిందో ఇప్పుడెవరూ చెప్పలేరు. ఎందుకు చెప్పలేరంటే పరీక్ష ఎవరూ చెయ్యలేదు. ‘చేయించండి’ అని అడగాలని మాకు తెలియదు. అందుకే తెలిసిన డాక్టర్ల దగ్గర కూర్చుని, అడిగి, చదివించుకొని నేర్చుకున్నాం. నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ముందు ఒక మాట. మనం నిలబడ్డ ఈ జాగా ఏమిటి? 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాళ్ల గుట్టలున్న చోట అద్దాల మేడలు లేచినయి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా ఇంకా లేస్తూనే ఉన్నయి. ఆ మేడలకు తట్టలు మోసింది మన ఆడోళ్లు. ఇప్పుడు వాటిలో నేల తుడిచేదీ, బాత్‌రూములు కడిగేదీ మన ఆడోళ్లే. ఈ రోడ్డు పొడుగునా చర్మానికి క్లినిక్‌లు ఉన్నయి. మచ్చ తీస్తాం, తెల్లగా చేస్తాం, మెరిసేలా చేస్తాం అని పెద్ద పెద్ద బోర్డులు. చర్మం మీద ఇంత వ్యాపారం నడిచే చోట ఒక కూలి చెల్లె చెయ్యి ముట్టి చూసేటోడు దొరకలేదు.

మనకు చర్మం కొత్త సంగతి కాదు. ముట్టుకుంటే మైలపడతమని ఊరి బయట ఉంచింది ఈ చర్మాన్నే గదా! రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ రోగిని తాకకుండా మందు రాసే చోట పాతదే కొత్త అంగీ తొడుక్కుని కూర్చుంటుంది. ఆ డాక్టరు మనసులో కులం ఉందో లేదో మాకు తెలియదు. బయట వందమంది క్యూ కట్టి ఉండొచ్చు. ఆయనకు మూడు నిమిషాలే దొరికి ఉండొచ్చు. కానీ ఆ మూడు నిమిషాల్లో ముట్టి చూడాల్సిన రోగాలు మన దగ్గర దాటిపోతున్నయి. మేం చెప్పేది అదీ.

ఇంకో సంగతి. వైద్యం పుస్తకాల్లో చాలాకాలం తెల్లటోళ్ల చర్మం బొమ్మలే ఎక్కువ అచ్చేశారు. ‘ఎర్రటి దద్దుర్లు’ అని రాశారు. మన నల్లటి ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతది? ముదురు గోధుమ రంగుగానో, ఊదా నలుపుగానో కనబడుతది. ఒక్కోసారి రంగే తెలియదు, చేత్తో తడిమితే ఉబ్బు తెలుస్తది. కళ్లు పచ్చబడ్డయా లేదా వెలుతురులో రెప్ప లాగి చూడాలి. కాబట్టి ‘ఎర్రగా ఏం లేదు గదా’ అని ఎవరన్నా అంటే, ‘తడిమి చూడండి సారూ’ అని అడిగే హక్కు మనకుంది.

ఇక అసలు సంగతిలోకి వద్దాం.

కడుపుతో ఉన్నప్పుడు ఒంటి మీద వచ్చే మార్పుల్లో చాలావరకు రోగాలు కావు. బొడ్డు మీదుగా కింది దాకా నల్ల గీత వస్తది. మెడ, చంకలు, చనుమొనలు నల్లబడతయి. బుగ్గల మీద, నుదుటి మీద మంగు వస్తది. పొట్ట సాగి చారలు పడతయి. ఇవన్నీ ఒంట్లో హార్మోన్లు పెరగడం వల్ల, చర్మం సాగడం వల్ల వచ్చేవి. గీత, నలుపు కాన్పు తర్వాత నెలల మీద తగ్గుతయి. చారలు మాసిపోతయి గానీ పూర్తిగా పోవు. పోగొడతామని అమ్మే నూనెలకు డబ్బులు తగలెయ్యకండి. ఎండలో పనిచేసే మనకు మంగు ఎక్కువ. తలకూ మొహానికీ కొంగు కప్పుకుంటే కొంత మేలు. కాన్పయిన మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతది. భయపడొద్దు, మళ్లీ వస్తది.

అసలు ఈ నలుపంటే మనకెందుకంత భయం? అత్త ‘మొహం మాడిపోయింది’ అంటది. పక్కింటామె ‘కుంకుమపువ్వు పాలు తాగు, తెల్లపిల్ల పుడతది’ అంటది. కుంకుమపువ్వుకు పిల్ల రంగు మార్చే శక్తి లేదు. రంగు అమ్మానాన్నల నుంచి వస్తది. ఆ డబ్బుతో గుడ్లు తినండి, పప్పు తినండి. తెలుపు గొప్పది, నలుపు తక్కువది అని మన నెత్తికెక్కించింది ఎవరో మీకు తెలుసు. ఆ లెక్కను కడుపులో బిడ్డ దాకా మోసుకుపోవద్దు.

ఈ రంగు పిచ్చిలోనే పెద్ద ప్రమాదం ఉంది. తెల్లబడే క్రీములు. కొన్నిట్లో పాదరసం కలుపుతారు. అది తల్లి చర్మం నుంచి ఒంట్లోకి పోయి బిడ్డ మెదడు దాకా చేరుతది. కొన్నిట్లో హైడ్రోక్వినోన్ ఉంటది, ఒంట్లోకి ఎక్కువ ఇంకుతది. మొటిమలకు, మంగుకు వాడే ట్రెటినాయిన్ రకం క్రీములూ కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదు. ఐసోట్రెటినాయిన్ అనే మొటిమల మాత్ర అయితే బిడ్డ అవయవాలనే చెడగొడుతది. కడుపు నిలిచిందని తెలిసిన రోజే ఇవన్నీ అవతల పారెయ్యాలి.

రెండో రకం, మన పనీ మన బతుకూ తెచ్చే చర్మరోగాలు. తడి సిమెంటులో సున్నం గుణం ఉంటది, చర్మాన్ని కాలుస్తది. దానిలో క్రోమియం ఉంటది, కొందరికి అది పడక చేతులు పగిలి, రసి కారుతయి. ఆఫీసుల్లో హౌస్ కీపింగ్ చేసే అక్కలకు ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్ వల్ల వేళ్ల సందులు పుండవుతయి. దీనికి మందు కన్నా ముందు కావలసింది రబ్బరు గ్లౌజులు, బూట్లు, పని కాగానే కడుక్కోవడానికి మంచి నీళ్లు. ఇవి ఇవ్వాల్సింది పని చేయించుకునేవాడు. ఆసిడ్, బ్లీచింగ్ కలిపి మాత్రం ఎప్పుడూ వాడొద్దు, విషవాయువు పుడతది. రాత్రి పడుకునే ముందు కొబ్బరి నూనె గానీ వాసన లేని వాజలీన్ గానీ రాయండి.

గజ్జి ఉంటే ఎట్లా తెలుస్తది? ఇంట్లో ఒక్కరికి కాదు, ఇద్దరు ముగ్గురికి దురద ఉంటది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ చిన్న పొక్కులుంటయి. పది మంది ఒక్క రేకుల గదిలో పడుకుంటే రాక ఏం చేస్తది? ఇది మురికితనం కాదు, ఇరుకుతనం. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము గర్భిణి కూడా వాడొచ్చు. రాత్రి మెడ నుంచి కాలి వేళ్ల దాకా రాసి పొద్దున కడుక్కోవాలి. వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రోజు రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఒక్కరే రాసుకుంటే పక్కవాళ్ల నుంచి మళ్లీ వస్తది.

తామర ఉన్నోళ్లు మందుల షాపులో ‘అన్నిటికీ పనిచేసే’ ట్యూబు అడగొద్దు. దానిలో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటది. దురద రెండు రోజులు తగ్గి, తామర ఒళ్లంతా పాకుతది. చర్మం పలచబడుతది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నరు. గర్భిణికి తామర ఉంటే క్లోట్రిమజోల్ పూతమందు చాలావరకు సరిపోతది. తామర మాత్రలు మాత్రం కడుపుతో ఉన్న సంగతి డాక్టరుకు చెప్పకుండా మింగొద్దు. స్టెరాయిడ్ క్రీము విషమని కూడా అనుకోవద్దు. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు తక్కువ బలమున్నది రాస్తే గర్భిణికి పనికొస్తది. చెడ్డది ఏమిటంటే, బలమైనదాన్ని ఒళ్లంతా నెలల తరబడి పులుముకోవడం.

మూడో రకం, కడుపు వల్లనే వచ్చే దురదలు. ఇక్కడ బొడ్డును చూడండి, అది చాలా చెప్తది. చివరి నెలల్లో పొట్ట మీది చారల్లో దురద దద్దుర్లు లేచి, తొడలకు పాకి, బొడ్డు చుట్టూ మాత్రం వదిలేస్తే అది సాధారణంగా భయపడాల్సింది కాదు. మొదటి కాన్పులో, కవలలున్నప్పుడు ఎక్కువ. బిడ్డకేం కాదు. కాన్పయిన వారాల్లో పోతది. కలామిన్ లోషన్, తడి గుడ్డ, డాక్టరు రాసిన పూతమందు చాలు. అదే బొడ్డు దగ్గరే మొదలై దద్దుర్లు పెద్ద నీటి బొబ్బలుగా మారితే ఆగొద్దు. అది అరుదైన జబ్బు. బిడ్డ బరువు తక్కువగా, నెలలు నిండక ముందే పుట్టే ప్రమాదం ఉంటది. పెద్దాసుపత్రిలో చర్మ డాక్టరు, కాన్పు డాక్టరు ఇద్దరూ చూడాలి.

ఇప్పుడు మన చెల్లె ముచ్చటకు వద్దాం. దద్దురు లేకుండా దురద. అరచేతులు, అరికాళ్లు. రాత్రి ఎక్కువ. 7వ నెల దాటాక. ఈ నాలుగూ కలిస్తే అది చర్మంలో పుట్టింది కాదు, కాలేయంలో పుట్టింది కావొచ్చు. కాలేయం నుంచి పోవాల్సిన పైత్యరసం సరిగా పోక రక్తంలో చేరుతది. డాక్టర్లు దీన్ని కొలెస్టాసిస్ అంటరు. కొందరికి మూత్రం ముదురు పసుపుగా పోతది, కళ్లు పచ్చబడతయి. చాలామందికి అవేమీ ఉండవు, ఉత్త దురదే. తల్లికి ప్రాణం మీదికి రావడం అరుదు. ప్రమాదం బిడ్డకు.

దీనికి రక్తపరీక్షలు రెండు. ఒకటి కాలేయం పరీక్ష, ఎల్.ఎఫ్.టి. అంటరు. రెండోది బైల్ ఆసిడ్స్ పరీక్ష. మొదటిసారి మామూలుగా వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి. బైల్ ఆసిడ్స్ లెక్క 40 లోపల ఉంటే బిడ్డకు మామూలు కన్నా ప్రమాదం పెరగదనే చెప్పొచ్చు. 100 దాటితే కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం పెరుగుతది. వందమందిలో దాదాపు ముగ్గురికి అట్లా జరుగుతున్నట్లు 2019లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన పెద్ద పరిశీలన తేల్చింది. అంటే మిగతా 97 మంది బిడ్డలు దక్కుతరు. భయపెట్టడానికి చెప్పడం లేదు, పరీక్ష ఎందుకో తెలియాలని చెప్తున్నాం. లెక్క 100 దాటినవాళ్లకు 35, 36 వారాల్లోనే కాన్పు చేసే ఆలోచన చేస్తరు. తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా ఆగుతరు. అర్సోడియాక్సీకోలిక్ ఆసిడ్ అనే మాత్ర ఇస్తరు. అది దురదను కొంత తగ్గించొచ్చు గానీ బిడ్డను కాపాడుతుందని అదే ఏడు వచ్చిన ఇంకో పెద్ద పరీక్షలో తేలలేదు. కాబట్టి మాత్ర వేసుకున్నాం గదా అని ఇంట్లో కూర్చోవద్దు. మళ్లీ మళ్లీ పరీక్ష, సరైన సమయానికి కాన్పు, ఇవే ముఖ్యం. కాన్పయ్యాక దురద పోతది. తర్వాతి కాన్పులో మళ్లీ రావొచ్చు. కాబట్టి మొదటి నెలలోనే ‘పోయినసారి ఇట్లా అయింది’ అని చెప్పాలి.

పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చునే ఆడమనిషికీ ఈ జబ్బు వస్తది. ఆమె దురద అనగానే సాయంత్రానికి రక్తపరీక్ష కాగితం చేతిలో ఉంటది. మన చెల్లెకు వేపాకు నీళ్లు. రోగానికి కులం లేదు. పరీక్షకు ఉంది.

ఇంకో రెండు మాటలు. ఆటలమ్మ. మన ఇళ్లల్లో తల్లి పోసింది అంటం. పిల్లలకు వస్తే పోతది గానీ కడుపుతో ఉన్నామెకు వస్తే ఊపిరితిత్తులకు పాకే ప్రమాదం ఉంది. పొక్కులు కనబడ్డ 24 గంటల్లోపు దవాఖానకు పోతే ఎసైక్లోవిర్ మందు బాగా పనిచేస్తది. ముందు ఎప్పుడూ రానామె, ఆటలమ్మ ఉన్న ఇంట్లో మసిలితే పొక్కులు రాకముందే పోయి చెప్పాలి. మొక్కు మొక్కుకోండి, మేం కాదనం. దవాఖాన మాత్రం ఆపొద్దు. అరచేతులు, అరికాళ్ల మీద దురద లేని మచ్చలు వస్తే సిఫిలిస్ కావొచ్చు. గర్భిణికి మొదట్లోనే చేసే రక్తపరీక్షలో తెలుస్తది, పెన్సిలిన్ సూదితో నయమవుతది, బిడ్డ దక్కుతది. మొగుడూ వైద్యం చేయించుకోవాలి. గిల్లినా తెలియని మచ్చ ఉంటే కుష్టు కావొచ్చు. సర్కారు దవాఖానలో మందు ఉచితం. కడుపుతో ఉన్నా ఆ మందు ఆపాల్సిన పని లేదు.

ఎక్కడికి పోవాలి? గుడిసెలకు దగ్గరున్న బస్తీ దవాఖానకు మొదట పోండి. అక్కడ తేలకపోతే కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్దది కావాలంటే గాంధీ, నీలోఫర్, పేట్ల బురుజు, కోఠి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులున్నయి. ప్రతి నెల 9వ తారీఖున సర్కారు దవాఖానల్లో గర్భిణులను డాక్టరు చూడాలని 2016 నుంచి పథకం ఉంది. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్, రక్తం, బండి అన్నీ ఉచితం. రాత్రి అయినా బిడ్డ తన్నడం తగ్గిందనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఊరి నుంచి వచ్చినప్పుడు తల్లీబిడ్డల కార్డు వెంట తెచ్చుకోండి. లేకున్నా వెనక్కి పంపే అధికారం ఎవరికీ లేదు. అక్కడ నర్సమ్మల్లో, ఆయమ్మల్లో, ఇప్పుడు డాక్టర్లలో కూడా మన వాడల బిడ్డలున్నరు. కొట్లాటకు ముందు వాళ్లను కలవండి.

‘పని మానితే కూలి పోతది’ అంటరు. అదీ నిజమే. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి దాన్ని బలపరిచారు. కాన్పుకు ముందూ వెనకా ఆడకూలికి విశ్రాంతి దేశానికే మేలని, ఆ ఖర్చు మొయ్యాల్సిన బాధ్యత పనిచేయించుకునే యజమానికీ ఉందని ఆయన వాదం. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు గని కార్మిక స్త్రీల ప్రసూతి చట్టాన్ని సవరించారు. ఇవాళ ఈ.ఎస్.ఐ. ఉన్న ఆడమనిషికి 26 వారాల ప్రసూతి భత్యం హక్కు. హౌస్ కీపింగ్ అక్కలారా, మీ జీతంలో ఈ.ఎస్.ఐ. పేరుతో కోస్తున్నరా, కోసింది కడుతున్నరా అడగండి. భవన నిర్మాణ కూలీలకు సంక్షేమ బోర్డు ఉంది, కార్డున్న ఆడమనిషికి ప్రసవ సాయం ఉంది. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపిస్తే కార్డు వస్తది. ఈ గుడిసెల్లో ఎంతమందికి ఉందో చేతులెత్తమంటే ఇందాక లేచిన చేతులు మీరే చూశారు.

కార్యకర్తలకు మా విన్నపం. ప్రతి గుంపులో కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసుకోండి. వారానికోసారి నాలుగు ప్రశ్నలు అడగండి. దురద ఉందా? ఎక్కడ? రాత్రి నిద్ర పడుతుందా? బిడ్డ రోజూ తన్నినట్టే తన్నుతున్నదా? మగ కార్యకర్తలు సిగ్గుపడితే ఇంటి ఆడోళ్లతో అడిగించండి. దవాఖానకు ఒంటరిగా పంపొద్దు, ఒకరు తోడు పోవాలి. తోడు పోయినామె లోపల ఒక్క మాట అనాలి: ‘దద్దురు లేని దురద సారూ, కాలేయం పరీక్ష రాయండి.’ ఈ మాట నోటికి వచ్చేదాకా అందరూ అనండి. ఇప్పుడే అనండి.

ఆ చెల్లె ఇప్పుడు ఊళ్లో ఉంది. మళ్లీ నీళ్లోసుకుందని కబురొచ్చింది. పోయిన వారం మేం ఊరికి పోయినం. ఈసారి మొదటి నెలలోనే ఏఎన్ఎం దగ్గర పోయినసారి సంగతి కార్డు మీద రాయించుకుంది. ‘అక్కా, ఈసారి దురదొస్తే ఊరుకోను’ అన్నది. మీరు కూడా ఊరుకోవద్దు.

జై భీమ్!